దీపం లేని ఊరు, దీపాలు ఆరని గని

గోడను వేలితో నొక్కాను. లోపలికి వంగింది.

దూరం నుంచి సున్నం కొట్టిన మట్టిగోడే అనుకున్నాను. దగ్గరికి వెళితే గోనెగుడ్డ. సన్నటి కర్రల చట్రానికి గోనెపట్టాను లాగి బిగించి, మేకులు కొట్టి, దాని మీద సున్నం వేసుకుంటూ వచ్చారు. పూత మీద పూత పేరుకొని గుడ్డ కాస్తా అట్టలా గట్టిపడింది. ఒక మూల పెచ్చు ఊడిన చోట పోగులు బయటపడ్డాయి, బియ్యం బస్తా చిరిగినప్పుడు కనిపించినట్టే. బయటివైపు రేకులు, పైన రేకులు, పొయ్యి వెనక చదును చేసి కొట్టిన డబ్బా రేకులు. నేల మట్టి. మంచం పట్టగా మిగిలిన చోటు ఒక మనిషి అటూ ఇటూ తిరగడానికి సరిపోతుంది. వేసవిలో 45 డిగ్రీలకు వెళ్లే ఎండలో, ఈ రేకుల పెట్టెలో, ఇటలీ కొండల నుంచి వచ్చిన గని కార్మికుడు ఎన్నేళ్లు కాపురం ఉన్నాడో. ముట్టుకోకూడదేమో, తెలియదు. ముట్టుకున్నాను.

ఈ ఊరి పేరు గ్వాలియా. పశ్చిమ ఆస్ట్రేలియాలో, పెర్త్ నుంచి 800 కిలోమీటర్లకు పైగా లోపలికి వెళితే, లియోనోరా అనే చిన్న పట్టణం పక్కన ఉంటుంది. 1963 డిసెంబరు 28న ఇక్కడి బంగారు గని మూతపడింది. మూడు వారాలు తిరిగేసరికి 1,200 మంది ఉన్న ఊళ్లో 40 మంది మిగిలారు. పర్యాటకుల కరపత్రాలు ఇలాంటి వాటిని దెయ్యాల ఊళ్లు అంటాయి. నా పేచీ ఆ మాటతోనే.

మన రెవెన్యూ రికార్డుల్లో బేచిరాకు గ్రామం అనే మాట ఉంది. ఆ గ్రామానికి పేరు ఉంటుంది, సర్వే నంబర్లు ఉంటాయి, హద్దులు ఉంటాయి. మనుషులు ఉండరు. ఫార్సీలో బేచిరాగ్ అంటే దీపం లేనిది. ఏ కాలపు గుమాస్తా ఈ మాటను దస్త్రంలోకి ఎక్కించాడో గాని, అతడికి దణ్ణం పెట్టాలి. దెయ్యాలు అనగానే ఏదో శాపం తగిలి ఊరు తనంతట తానే చచ్చిపోయినట్టు వినిపిస్తుంది. దీపం లేదు అన్నప్పుడు మాత్రం, ఎవరు ఆర్పారు అని అడగబుద్ధి అవుతుంది.

నేను పెర్త్‌లో ఉంటున్నాను. మాది కుప్పం వైపు. అమ్మవాళ్ల నాన్న కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్ అనే గనిలో పనిచేశాడు. ఇక్కడి మిత్రులు శీతకాలం సెలవులకు ఉత్తరాన సముద్రతీరాలకు వెళుతుంటే, నేను కారు తూర్పుకు తిప్పడానికి కారణం అదే. ముసలితనంలో తాతయ్య దగ్గుతుంటే పక్కన పడుకున్న మనవడికి బంగారు గని అంటే బొమ్మల పుస్తకం కాదు.

తూర్పుకు వెళ్లే దారి పొడవునా మనతో పాటే ఒక లావాటి గొట్టం వస్తుంది. పెర్త్ దగ్గరి మండారింగ్ జలాశయం నుంచి కాల్‌గూర్లీ అనే బంగారు గనుల పట్టణం దాకా దాదాపు 560 కిలోమీటర్లు నీళ్లు మోసుకెళ్లే గొట్టం అది. 8 పంపింగ్ స్టేషన్లు పెట్టి నీటిని ఎత్తుకు ఎక్కించారు. 1903 జనవరి 24న కాల్‌గూర్లీలో నీళ్లు వదిలారు. దాన్ని తలపెట్టిన ఇంజినీరు సి.వై. ఓకానర్ ఆ రోజు చూడలేదు. పత్రికలూ రాజకీయ నాయకులూ పెట్టిన పోరు భరించలేక, పది నెలల ముందే, 1902 మార్చిలో, గుర్రం మీద సముద్రంలోకి వెళ్లి తుపాకీతో కాల్చుకున్నాడు. గొట్టం ఇప్పటికీ పనిచేస్తోంది. ఊళ్లు పోయినా నీళ్లు వస్తున్నాయి.

దారికి రెండు పక్కలా నీలగిరి జాతి చెట్లు, రాగిరంగు బెరడుతో నున్నగా మెరుస్తుంటాయి. ఎంత అందమైన అడవి అనుకుంటూ వెళ్లాను. దిగి నడిస్తే నేల మట్టానికి నరికిన పాత మొద్దులు కాలికి తగిలాయి. గనుల ఆవిరి యంత్రాలకు వంటచెరకులా ఈ అడవినే మండించారు. కలప తేవడానికి ప్రత్యేకంగా రైలు పట్టాలు వేసి, ఒకచోట చెట్లు అయిపోగానే పట్టాలు పీకి ముందుకు జరిపారు. ఇప్పుడు మనం చూసి మురిసిపోయేది చాలామటుకు తర్వాత మొలిచిందే.

కూల్‌గార్డీ అనే పట్టణంతో మొదలుపెట్టాలి, ఎందుకంటే అన్నీ అక్కడే మొదలయ్యాయి. 1892 సెప్టెంబరులో ఆర్థర్ బేలీ, విలియం ఫోర్డ్ అనే ఇద్దరు ఇక్కడ బంగారం చూశారు. బేలీ 554 ఔన్సుల బంగారం మోసుకెళ్లి అధికారి ముందు కుమ్మరించాడు. ఆ తర్వాత ఏమైందో చెప్పనక్కరలేదు. కొన్నేళ్లలోనే పెర్త్, ఫ్రీమాంటిల్ తర్వాత ఈ కాలనీలో మూడో పెద్ద పట్టణం ఇదే అయింది. ఈ రోజు వెయ్యి మంది కూడా లేరు. ప్రధాన వీధి మాత్రం మన జాతీయ రహదారిలా వెడల్పుగా ఉంటుంది, ఒంటెల బారు వెనక్కి తిరగాలి కదా. ఆ ఒంటెలను నడిపిన వాళ్లను అందరినీ కలిపి అఫ్గాన్లు అన్నారు గాని, వాళ్లలో బెలూచిస్తాన్, సింధు, పంజాబు వాళ్లూ ఉన్నారు. కరాచీ ఓడ ఎక్కి ఒంటెలతో పాటు వచ్చారు. నీళ్లు, పిండి, పనిముట్లు అన్నీ వాళ్లే మోశారు. 1901లో తెల్లవాళ్ల ఆస్ట్రేలియా చట్టం వచ్చాక వాళ్లను కొత్తగా రానివ్వలేదు. శ్మశానంలో వాళ్ల సమాధులు ఒక పక్కగా ఉన్నాయి. మిగతా శ్మశానం నిండా టైఫాయిడ్‌తో పోయిన కుర్రవాళ్లు. బంగారం కంటే ముందు ఇక్కడ దొరకనిది నీళ్లు. ఉప్పునీటిని మరిగించి ఆవిరి పట్టి అమ్ముకునేవాళ్లు.

కూల్‌గార్డీకి దక్షిణంగా లండన్‌డెర్రీ అనే చోటు ఉంది. అక్కడ చూడటానికి ఏమీ లేదు, కథ మాత్రం ఉంది. 1894లో ఒక గోతిలో కళ్లు చెదిరే బంగారం పడింది. బంగారు గుంట అని పేరు పెట్టారు. ఐర్లండుకు చెందిన ఒక ప్రభువు దాన్ని కొని, గోతికి మూతవేసి సీలు వేయించి, లండన్‌లో 7 లక్షల పౌన్ల కంపెనీ ప్రకటించాడు. జనం ఎగబడి వాటాలు కొన్నారు. 1895లో మూత తీసి తవ్వారు. దొరికినదంతా ముందే దొరికిపోయింది, కింద ఏమీ లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టడం మనకు సామెత. ఇక్కడ ఎలుకను ముందే పట్టేసి కొండను అమ్మారు. ఈ ప్రాంతంలో ఎన్నో ఊళ్లు రాయిని నమ్ముకొని కాదు, ఇలాంటి వాటాల కాగితాన్ని నమ్ముకొని పుట్టాయి. కాగితం విలువ పడిపోతే, కింద రాయి ఉన్నా ఊరు ఉండదు. ఇది గుర్తుపెట్టుకోండి, గ్వాలియా దగ్గర మళ్లీ పనికొస్తుంది.

కాల్‌గూర్లీ నుంచి 20 కిలోమీటర్ల దూరంలో కనోనా. దీని గురించి నాకు చెప్పినవాళ్లంతా, అక్కడ ఏముందని వెళతావు అన్నారు. నిజమే, ఏమీ లేదు. ఒకప్పుడు 12 వేల మంది ఉండేవారని, 16 హోటళ్లు ఉండేవని, కాల్‌గూర్లీకి గంటకో రైలు నడిచేదని అంటారు. ఇప్పుడు ఎర్రమట్టి, బూడిదరంగు పొదలు, గుండెల మీద పేరు రాసుకొని నిలబడ్డట్టు కొన్ని బోర్డులు. ఇక్కడ ఫలానా హోటల్ ఉండేది, ఇక్కడ ఫలానా ఆఫీసు ఉండేది. రైలు ప్లాట్‌ఫారం గట్టు మిగిలింది, దాని ముందు పట్టాలు లేవు. నేను దాని మీద కూర్చొని అరగంట సేపు టీ తాగాను. ఈగలు తప్ప ఎవరూ పలకరించలేదు.

ఈ ఊళ్లోనే 1898లో ఫాదర్ లాంగ్ అనే యువ పూజారి, తనకు ఒక పెద్ద బంగారు ముద్దను చూపించారని, ఎక్కడ దొరికిందో చెబుతానని మాటిచ్చాడు. చెప్పిన రోజున వేలమంది హోటల్ ముందు గుమిగూడారు. ఆయన వసారా మీద నిలబడి చోటు పేరు చెప్పగానే గుర్రాలు, బండ్లు, సైకిళ్లు అన్నీ అటు పరిగెత్తాయి. అక్కడ ఏమీ దొరకలేదు. తననే ఎవరో మోసం చేశారని ఆయన గ్రహించేసరికి ఆలస్యమైంది. మరుసటి ఏడాదే టైఫాయిడ్‌తో పోయాడు. పాపం, ఆయన చూసింది ఏమిటో ఎవరికీ తెలియదు.

కనోనాలో ఇళ్లు ఎందుకు లేవు? కూలిపోలేదు. విప్పుకొని పోయారు. రేకులు, కలప, గుమ్మాలు, కిటికీలు, అన్నీ విప్పి రైలెక్కించి ఇంకో ఊళ్లో బిగించుకున్నారు. కర్రా రేకూ ఎంచుకోవడంలోనే ఆ ఉద్దేశం ఉంది. ఊరు మూటగట్టుకొని పోయేలాగే కట్టారు. మనకు పాతఊరు అంటే పాటిదిబ్బ, మొండిగోడలు, పొలానికి తోలుకునే పాటిమన్ను. ఇక్కడ పాటిమన్ను కూడా మిగల్లేదు. అయినా కనోనాను నేను గ్వాలియా కంటే ఎక్కువ నమ్ముతాను. గ్వాలియాలో చూడటానికి ఉంది కాబట్టి చూసి వచ్చేస్తాం. కనోనాలో ఏమీ లేదు కాబట్టి, ఎందుకు లేదని ఆలోచిస్తాం.

ఆలోచిస్తుండగానే దూరంగా యంత్రాల చప్పుడు వినిపించింది. అది కనోనా బెల్ గని. ఊరు 1950ల నాటికే ఖాళీ. ఈ గని 1993లో తవ్వడం మొదలుపెట్టింది. అంటే దెయ్యాల ఊరి పొలిమేరలోనే బంగారం ఉంది. ఊరు మాత్రం తిరిగి రాలేదు.

గ్వాలియాలో ఇదే సంగతి ఇంకా ముఖం మీద కొట్టినట్టు కనిపిస్తుంది. 1898లో ఈ గనికి మేనేజరుగా వచ్చినవాడు 23 ఏళ్ల అమెరికన్ ఇంజినీరు హెర్బర్ట్ హూవర్. ముప్పై ఏళ్ల తర్వాత అమెరికా అధ్యక్షుడైన హూవర్ ఇతడే. ఖర్చు తగ్గించడానికీ, కార్మిక సంఘాల నోరు నొక్కడానికీ ఇటలీ వాళ్లను పనిలోకి తెచ్చాడు. నేను నొక్కి చూసిన గోనె గోడ ఆ నిర్ణయపు సంతానమే. తన కోసం గుట్ట మీద మంచి ఇటుక బంగళా కట్టించాడు, అది పూర్తయ్యేలోపే చైనా వెళ్లిపోయాడు. ఇప్పుడు అది యాత్రికులు బస చేసే ఇల్లు. వరండాలో కుర్చీ వేసుకొని కూర్చుంటే ఎదురుగా పెద్ద గొయ్యి. గొయ్యి అడుగున సొరంగం నోరు. లారీలు అందులోంచి 1.5 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి ముడిరాయి తెస్తున్నాయి. ఈ రోజు కూడా.

మరి 1963లో ఎందుకు మూసేశారు? బంగారం అయిపోయిందనే అందరూ అనుకుంటారు, పైకి అడగరు గాని. అయిపోలేదు. 1934లో అమెరికా ఔన్సు బంగారం ధరను 35 డాలర్ల దగ్గర కట్టేసింది. యుద్ధం వచ్చింది, పోయింది, కూలి పెరిగింది, కలప పెరిగింది, ఇనుము పెరిగింది, బంగారం మాత్రం 35 దగ్గరే ఉండిపోయింది. ఏ గని అయినా ఎన్నాళ్లు తట్టుకుంటుంది? 1971లో ఆ కట్టు తెగింది. ధర ఎగిరింది, తక్కువ బంగారం ఉన్న రాయి నుంచి కూడా రాబట్టే పద్ధతులు వచ్చాయి, 1980ల్లో గ్వాలియా గని మళ్లీ తెరిచారు. గని బతికింది. ఊరికి ఆ ఇరవై ఏళ్లు ఆగే ఓపిక ఎవరు ఇస్తారు? వాషింగ్టన్‌లో ఒక అంకె కదలకపోతే ఇక్కడ ఒక ఇంట్లో పొయ్యి ఆరిపోయింది. దీనికి దెయ్యాలెందుకు, లెక్కల పుస్తకం చాలు.

కోలారు దగ్గరా ఇదే లెక్క, అంకెలు వేరు. మా గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లింది. రాయిలో బంగారం పలచబడింది, అంత లోతు నుంచి తెచ్చే ఖర్చు పెరిగింది. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు, కుప్పం దగ్గరి మా చిగురుగుంట గని కూడా దాంతోపాటే పోయింది. అప్పుడు ఔన్సు ధర 300 డాలర్లకు లోపే. 2025లో అది 3000 దాటింది. మూసిన సంవత్సరం చూడండి, సరిగ్గా ధర అడుగంటిన సమయం. అయితే ఒక తేడా ఉంది. కోలారు గనుల పట్టణం ఖాళీ కాలేదు. తెల్లవారక ముందే వేలమంది రైలెక్కి బెంగళూరులో పనికి వెళ్లి, రాత్రికి తిరిగి అదే లైన్లలో, కార్మికుల ఇళ్ల వరుసల్లో, పడుకుంటున్నారు. గ్వాలియా వాళ్లకు కాల్‌గూర్లీలో ఇంకో గని, ఇంకో ఇల్లు దొరికాయి. మావాళ్లకు దొరకలేదు, అందుకే ఊరు మిగిలింది. ఏది నయం? నేను ఇంకా తేల్చుకోలేదు.

ఇంకొక అబద్ధం కూడా దెయ్యాల మాటలో దాక్కుంది. ఊరు ఖాళీ అనడం. బంగారం వెతకడానికి వచ్చినవాళ్ల కంటే వేల ఏళ్ల ముందు నుంచి ఇది వాంగాథా ప్రజల నేల. ఎక్కడా చెరువూ వాగూ లేని ఈ చోట రాతి గుండ్లలో చిన్న మూతి, పెద్ద కడుపు ఉన్న గుంటలు ఉంటాయి. వాననీరు అందులో చేరుతుంది. ఎండకు ఆవిరి కాకుండా, జంతువులు పడకుండా వాటి మీద రాతిపలక మూసేవాళ్లు. మన చలివేంద్రం కుండ మీద మూత పెట్టినంత మామూలుగా. ఆ గుంటల జాడ కోసం కొత్తగా వచ్చినవాళ్లు ఏం చేశారో చెబితే కడుపు తిప్పుతుంది. 1896లో బయలుదేరిన డేవిడ్ కార్నెగీ దళం మనుషులను పట్టి కట్టేసి, ఉప్పు మాంసం తినిపించి, దాహంతో నీళ్ల దగ్గరికి దారి చూపేలా చేసింది. మోకాళ్ల మీద కూర్చొని అలాంటి ఒక గుంటలోకి తొంగి చూశాను. అడుగున జానెడు నీళ్లు, అందులో ఆకాశం ముక్క. ఆ నేల మనుషులు ఇప్పటికీ లియోనోరా వీధుల్లో ఉన్నారు. పాడుబడిన ఊళ్ల ఫోటోల్లో మాత్రం ఉండరు. ఫ్రేములో మనుషులు పడితే దెయ్యాల అందం చెడుతుంది కాబోలు.

లియోనోరాలో పెట్రోలు పోయించుకుంటుంటే వెనక నుంచి, "తెలుగువారా అండీ?" అని వినిపించింది. కారు వెనక అద్దానికి అంటించిన వేంకటేశ్వరస్వామి బొమ్మ చూసి అడిగాడట. కొత్తగూడెంలో మైనింగ్ చదివాడు, కొన్నేళ్లు సింగరేణిలో చేశాడు, ఇప్పుడు ఇటువైపు ఒక గనిలో ఇంజినీరు. రెండు వారాలు పని, ఒక వారం సెలవు. విమానంలో రావడం, శిబిరంలో పడుకోవడం, గనిలో దిగడం, విమానంలో పోవడం. ఆ రోజు ఏదో సామాను కోసం డ్రైవరుతో పాటు బయటికి వచ్చాడు. మాటల్లో, ఇక్కడి ఊరు ఎలా ఉంది అని అడిగాను.

"ఏ ఊరండీ?" అన్నాడు.

వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. గ్వాలియా గురించి చెప్పాను, గోనె గోడల గురించి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. తర్వాత అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. "మా ఆవిడ, పాప పెర్త్‌లో ఉన్నారండీ. మంచి బడి ఉంది, ఆసుపత్రి ఉంది. వాళ్లను ఇక్కడికి తెచ్చి ఈ ఎండలో పెట్టమంటారా?"

పెట్టమని నేనెలా అంటాను? కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని బంగారం తీయగా మిగిలిన సయనైడు దిబ్బల దుమ్ములో నీళ్ల కోసం నడిచిన మా అమ్మమ్మను అడిగినా వద్దనే చెప్పేది. ఊరు తిరిగి రావాలని నా కోరిక కాదు. గనికి ఊరు అవసరమైన రోజుల్లో ఊరు ఉంది, రొట్టెల దుకాణం, బడి, పేచీలు, పెళ్లిళ్లు అన్నీ ఉన్నాయి. విమానం చవకయ్యాక, యంత్రాలు పెద్దవయ్యాక ఊరు అక్కరలేకుండా పోయింది. పోయింది బంగారం కాదు, అవసరం. ఈ ముక్క ఒక్కటి బోర్డు మీద రాస్తే మిగతా దెయ్యాల కథలు ఎన్నైనా చెప్పుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. గ్వాలియా మ్యూజియం వాళ్లను తప్పుపట్టడం లేదు సుమా. ఉన్నది ఉన్నట్టు కాపాడుతున్నారు. సాయంత్రపు వెలుగులో తుప్పు రేకుల ఫోటోలు తీసి, ఆహా అని తిరిగి వచ్చే నాలాంటి యాత్రికులతోనే నా గొడవ.

ఆ రాత్రి హూవర్ బంగళా గుట్ట కింద నుంచి నడిచి వచ్చాను. కార్మికుల గుడిసెల వరుసలో ఒక్క దీపం లేదు, కాలిబాట కూడా కనపడలేదు. ఇవతల గొయ్యి మీద మాత్రం తిరునాళ్లలా వెలుగు. యంత్రాలకు రాత్రీ పగలూ లేదు.

బసకు చేరి అమ్మకు ఫోన్ చేశాను. పగలు తీసిన గుడిసెల ఫోటోలు అప్పటికే పంపాను. కోలారు లైన్లలో తాతయ్యవాళ్లు మొదట ఉన్నది తడికల ఇంట్లో. వెదురు తడిక, దాని మీద మట్టి మెత్తడం. అందుకే గోనె గోడ చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. పైకప్పు చూసి, "రేకులా, వేసవిలో చచ్చుంటారు" అంది. బంగారం ఊసే ఎత్తలేదు. కాసేపు ఆగి, "సామాను అంతా అలాగే వదిలేసి పోయారా?" అని అడిగింది. చాలామంది అలాగే వెళ్లారట అన్నాను.

"తలుపులు కూడానా?"

"ఉన్నాయి అమ్మా, కొన్ని ఇళ్లకు."

"మా నాన్నయితే విప్పుకొని వచ్చేవాడు" అంది. "మనుషులు లేని ఇంటికి తలుపెందుకు?"

ఫోన్ పెట్టేసి ఫోటోలు మళ్లీ తిప్పాను. వరుసలో మూడో ఇంటికి తలుపు లేదు. గుమ్మానికి తుప్పు పట్టిన మడతబందులు రెండు, ఒకదానిలో మర కూడా అలాగే ఉంది.